పొట్టి రైఫిళ్లు: పొడవు తగ్గితే ఏం కలిసొస్తుంది, ఏం పోతుంది?

కొలబద్ద · పోస్ట్ 1

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒక పట్టిక తయారు చేస్తున్నాను. వేర్వేరు సైన్యాల రైఫిళ్ల మొత్తం పొడవు ఒక గడిలో, బ్యారెల్ (తూటా దూసుకొచ్చే గొట్టం) పొడవు పక్క గడిలో రాసుకుంటూ పోతున్నాను. ఒకచోట మాత్రం ఆగిపోయాను.

అమెరికా రైఫిల్ ఎం16ఏ2 మొత్తం పొడవు 1006 మి.మీ., అందులో బ్యారెల్ 508. ఆస్ట్రియా వాళ్ల స్టెయర్ ఏయూజీ బ్యారెల్ కూడా సరిగ్గా 508. కానీ దాని మొత్తం పొడవు 790 మాత్రమే. బ్యారెల్‌లో ఒక్క మిల్లీమీటరు కూడా వదులుకోకుండా దాదాపు జానెడు తగ్గించారన్నమాట. ఇప్పుడు అమెరికాదే ఎం4 చూడండి. బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పూర్తిగా బయటకి లాగితే 838, బ్యారెల్ 368. ఏయూజీ కంటే పొడుగ్గా ఉంటుంది, అయినా బ్యారెల్ 14 సెంటీమీటర్లు తక్కువ.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. ఏయూజీ లాంటివాటిని బుల్‌పప్ అంటారు. మామూలు రైఫిల్‌లో మ్యాగజైన్ (తూటాల డబ్బా), బోల్ట్ (ముందుకీ వెనక్కీ కదిలి తూటా ఎక్కించే భాగం) ట్రిగ్గర్‌కి ముందు ఉంటాయి, వెనక బట్ ఉంటుంది. బుల్‌పప్‌లో మ్యాగజైన్, బోల్ట్ ట్రిగ్గర్ వెనక్కి, మన చెంప కిందికి వచ్చేస్తాయి. బట్‌లో వృథాగా పోయే చోటు వాడుకోవడమే ఇందులో కిటుకు.

ఇంత లాభం ఉంటే సైన్యాలు దీన్ని ఎందుకు వదిలేస్తున్నాయి? ఫ్రాన్స్ 2017 నుంచి బుల్‌పప్ అయిన ఫామాస్ స్థానంలో మామూలు ఆకారపు హెచ్‌కే416 ఇస్తోంది. చైనా బుల్‌పప్ క్యూబీజెడ్-95 తర్వాత 2019 పరేడ్‌లో చూపించిన క్యూబీజెడ్-191 మామూలు పద్ధతిలోనే ఉంది. న్యూజిలాండ్ కూడా ఏయూజీ పక్కన పెట్టింది. నాకైతే ఇది పొరపాటనే అనిపిస్తోంది. వాడినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_జవాను · పోస్ట్ 2

కొలబద్ద గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. పొడవు తగ్గడం ఎందుకు అవసరమో ముందు చెప్తాను.

నా సర్వీసు మొదట్లో మీటరు పొడవు రైఫిల్ మోశాను. సాయుధ వాహనం వెనక భాగంలో ఎనిమిది మంది కూర్చునేవాళ్లం. మోకాళ్లు ఒకరివి ఒకరికి తగులుతూ ఉండేవి. రైఫిల్ నిలువుగా పెట్టుకోవాలి, బట్ బూట్ల మధ్య, మజిల్ (బ్యారెల్ ముందు కొన) గడ్డం పక్కన. గుంతలో పడిన ప్రతిసారీ పైకప్పుకి ఠంగుమని తగిలేది. తలుపు తెరుచుకోగానే పరిగెత్తి దిగాలి కదా. ఒక రాత్రి విన్యాసంలో నా ముందువాడి రైఫిల్ ఫ్రంట్ సైట్ తలుపు చట్రానికి పట్టుకుంది. స్లింగ్ (వేలాడదీసే పట్టీ) మెడకి చుట్టుకుని ఉండటంతో వాడు వెనక్కి లాగినట్టు ఆగిపోయాడు. వాడి వెనక నేను, నా వెనక ఇంకో ఐదుగురు. మూడు సెకన్లో నాలుగు సెకన్లో, అంతే. అది నిజమైన కాల్పుల్లో జరిగి ఉంటే ఆ తలుపు దగ్గరే మా పని అయిపోయేది.

తర్వాత కార్బైన్ (పొట్టి రైఫిల్) వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. అందుకే పొట్టి రైఫిల్ సోకు కోసం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఇక బుల్‌పప్ సంగతి. ఒక సంయుక్త విన్యాసంలో నాలుగు రోజులు ఒకటి నా దగ్గర ఉంది. బరువంతా భుజం దగ్గరే ఉండటంతో ఒంటి చేత్తో పట్టుకుని తలుపు తోసేటప్పుడు చాలా హాయిగా అనిపించింది. కానీ చీకట్లో మ్యాగజైన్ మార్చమన్నప్పుడు తడబడ్డాను. మామూలు రైఫిల్‌లో మ్యాగజైన్ చోటు కళ్లకి ఎదురుగా, ముందు ఉంటుంది. బుల్‌పప్‌లో అది చంక కింద ఉంటుంది. ఛాతీ మీద పౌచ్‌లు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, వీటన్నిటి మధ్య మోచెయ్యి వెనక్కి మడిచి తడుముకోవాలి. సాధన చేస్తే వేగం వస్తుంది, కాదనను. వాళ్ల దేశపు కుర్రాళ్లు చకచకా మార్చేవాళ్లు. బోర్లా పడుకున్నప్పుడు మాత్రం వాళ్లు కూడా ఒక పక్కకి ఒరగక తప్పేది కాదు.

ఎడమచేయి · పోస్ట్ 3

అందరూ పొడవు గురించే మాట్లాడుతున్నారు. నాది ఎడమచేతి వాటం. నాకు పొడవు కంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: ఖాళీ కేస్ (కాల్చాక మిగిలే లోహపు తొడుగు) ఎటు పడుతుంది?

మామూలు రైఫిల్‌ని ఎడమ భుజం నుంచి కాలిస్తే కేస్ నా ముఖానికి ముందు నుంచి కుడి వైపుకి ఎగిరిపోతుంది. కాస్త చిరాకు, అంతే. కుడి వైపుకి కేసులు విసిరే బుల్‌పప్‌ని ఎడమ భుజానికి ఆనిస్తే కేస్ బయటపడే కిటికీ నా చెంప దగ్గర ఉంటుంది. బ్రిటన్ ఎల్85నే తీసుకోండి. కాకింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ని చేత్తో లాగే పిడి) కుడి పక్కన బోల్ట్‌తో పాటు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. అందుకే అక్కడ ఎడమచేతి వాటం సైనికులకి కూడా కుడి భుజం నుంచే నేర్పుతారు.

ఇది ఎడమచేతి వాళ్ల గోల మాత్రమే అనుకోకండి. గోడకి ఎడమ మూల దాటి చూడాల్సి వచ్చినప్పుడు కుడిచేతి వాళ్లు కూడా రైఫిల్‌ని ఎడమ భుజానికి మార్చుకోవాలి. అప్పుడు గోడ చాటు నుంచి ఒక కన్ను, మజిల్ మాత్రమే బయటికి వస్తాయి. భుజం మార్చలేకపోతే సగం ఒళ్లు బయట పెట్టాలి. ఇరుకు సందుల్లో, ఇళ్ల మధ్య పోరాడటానికే కదా పొట్టి తుపాకి కావాలంటున్నారు? సరిగ్గా అక్కడే భుజం మార్చే అవసరం ఎక్కువ.

లోహవిద్య · పోస్ట్ 4

నేను పదార్థాల ఇంజనీర్‌ని. నా వైపు నుంచి కొంచెం.

"పొట్టి రైఫిల్" అనే మాటలో మూడు వేరువేరు పనులు కలిసిపోతున్నాయి. బట్‌ని మడవడం, యంత్రాన్ని వెనక్కి జరపడం, బ్యారెల్ కొయ్యడం. మొదటి రెండిటిలో తూటా వేగం పోదు. మూడోదానిలో పోతుంది. ప్రపంచం ఎంచుకున్నది ఎక్కువగా ఆ మూడో దారినే కాబట్టి దాని ఖరీదు ఏమిటో చూద్దాం.

ఎం16, ఎం4, ఏయూజీ కాల్చే 5.56 మి.మీ. తూటా చిన్నది, సుమారు 4 గ్రాములు. దాని బలమంతా వేగంలో ఉంది. 508 మి.మీ. బ్యారెల్ నుంచి ఎం855 అనే 5.56 సైనిక తూటా సెకనుకి దాదాపు 940 మీటర్ల వేగంతో వస్తుంది. ఎం4 బ్యారెల్ నుంచి 880–900. ఇంకా కోసి 262 మి.మీ.కి తెస్తే 800కి అటూ ఇటూ. ఇక్కడ గమనించాల్సింది: మొదటి 14 సెంటీమీటర్లు కోసినప్పుడు పోయిన వేగం కంటే తర్వాత పదీ పదకొండు సెంటీమీటర్లు కోసినప్పుడు పోయినది ఎక్కువ. బ్యారెల్ కురచయ్యే కొద్దీ ప్రతి సెంటీమీటరుకీ ఎక్కువ చెల్లించాలి. ఆ తరం 5.56 తూటాలు అనుకున్నట్టు పనిచెయ్యాలంటే తగిలే చోట కూడా సుమారు 800 దగ్గర్లో వేగం ఉండాలి. మజిల్ దగ్గరే 800 ఉన్న తుపాకికి ఆ పరిధి ఇక ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

సోవియట్ ఏకేఎస్-74యూ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఏకే-74 బ్యారెల్ 415 మి.మీ., వేగం 900. 74యూ బ్యారెల్ 206.5, వేగం 735. శక్తి వేగానికి వర్గంగా మారుతుంది కాబట్టి అదే తూటా శక్తిలో మూడో వంతు పోయినట్టే. మజిల్ ముందు ఆ లావు డబ్బా లాంటిది అందానికి పెట్టలేదు. అంత కురచ బ్యారెల్‌లో గ్యాస్ ఒత్తిడి నిలబడే సమయమే ఉండదు. ఆ డబ్బాలో కాసేపు ఒత్తిడిని ఆపితేనే యంత్రం నమ్మకంగా వెనక్కి కదులుతుంది.

రెండో ఖరీదు యంత్రానిది. ఎం16లో గ్యాస్ రంధ్రం (బోల్ట్‌ని కదిలించే గ్యాస్ బ్యారెల్ నుంచి బయటికొచ్చే చోటు) ఛాంబర్ (తూటా కూర్చునే గది) నుంచి సుమారు 33 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఎం4లో 20 కూడా ఉండదు. దగ్గర కాబట్టి అక్కడ ఒత్తిడి, వేడి రెండూ ఎక్కువ. బోల్ట్ ముందుగా, గట్టిగా లాగబడుతుంది. బోల్ట్ పళ్ల మూలల్లో పగుళ్లు త్వరగా వస్తాయి, కేస్‌ని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ మీద భారం పెరుగుతుంది. కంటికి కనిపించే తేడా కాదు. భూతద్దం కింద పెడితే మూలలో వెంట్రుక మందం గీత కనిపిస్తుంది. ఆ గీత కనిపించాక ఆ బోల్ట్‌ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

కొలబద్ద · పోస్ట్ 5

లోహవిద్య గారూ, మీరు చెప్పినదంతా నా వాదనకే బలం కదండీ! బ్యారెల్ కోస్తే ఇంత నష్టం ఉన్నప్పుడు, కొయ్యకుండా పొడవు తగ్గించే పద్ధతినే ఎంచుకోవాలి.

ఎడమచేయి గారి అభ్యంతరానికి కూడా జవాబులు వచ్చాయి. ఏయూజీకి ఎడమ వైపు బోల్ట్ దొరుకుతుంది, కేసులు బయటకి వచ్చే కిటికీని రెండో వైపుకి మార్చుకోవచ్చు. ఫామాస్‌లో, ఇజ్రాయెల్ టావోర్‌లో కూడా మార్చుకునే వీలుంది. బెల్జియం ఎఫ్ఎన్ ఎఫ్2000 అయితే కేసుల్ని ఒక గొట్టం గుండా ముందుకి నెట్టి మజిల్ వైపు వదులుతుంది. ఏ భుజమైనా ఒకటే.

ఎడమచేయి · పోస్ట్ 6

మార్చుకోవచ్చు, కానీ విడిభాగాలు విప్పి, మార్చి, మళ్లీ బిగించాలి. గోడ మూల దగ్గర నిలబడి చేసే పని కాదది. కుడిచేతి వాడికి కుడి, ఎడమచేతి వాడికి ఎడమ అని ముందే కట్టిపెట్టేస్తారు. నా పక్కవాడు పడిపోతే వాడి రైఫిల్ నేను అందుకుని వాడలేను.

ఎఫ్2000 ఆలోచన నాకు నిజంగా నచ్చింది. కాకపోతే లోపల ఏదైనా ఇరుక్కుంటే కళ్లకి కనపడదు, పైన చిన్న మూత తెరిచి చూడాలి. మామూలు రైఫిల్ అయితే బోల్ట్ లాగి కిటికీలోకి ఒక్క చూపు చూస్తే విషయం తెలిసిపోతుంది.

చరిత్రపుట · పోస్ట్ 7

ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ అంశం నాకు ప్రాణం. రెండు ముక్కలు.

బుల్‌పప్ ఆలోచన కొత్తది కాదు. బ్రిటన్‌లో 1901లోనే థోర్నీక్రాఫ్ట్ కార్బైన్ అని బోల్ట్ యాక్షన్‌లో చేసి చూశారు, సైన్యం వద్దంది. 1951లో ఈఎం-2ని బ్రిటన్ అధికారికంగా స్వీకరించింది కూడా. 623 మి.మీ. బ్యారెల్, మొత్తం పొడవు 889. ఆ రోజుల్లో అది అద్భుతం. అయితే అది .280 తూటాకి కట్టిన తుపాకి. నాటో కూటమి దేశాలన్నీ 7.62 మి.మీ. తూటా వైపు మొగ్గాయి, చర్చిల్ మళ్లీ ప్రధాని కాగానే ఆ నిర్ణయం వెనక్కి వెళ్లిపోయింది. అంటే ఈఎం-2 ఓడింది తూటా రాజకీయంలో, తన ఆకారం వల్ల కాదు.

ఫామాస్ కథ కూడా ఇలాంటిదే. ఫ్రాన్స్ దాన్ని వద్దనుకున్నప్పుడు బుల్‌పప్ అనే ఒక్క కారణం లేదు. అది బోల్ట్ లివర్ సాయంతో ఆలస్యంగా వెనక్కి తెరుచుకునే పద్ధతిలో పనిచేస్తుంది, గ్యాస్ పిస్టన్ లేదు. ఆ విసురుకి తట్టుకోవాలని స్టీలు కేసులున్న తూటాలు వాడేవారు. దేశంలో ఆ తూటాల తయారీ ఆగిపోయింది, రైఫిల్ కట్టిన సెయింట్-ఎతియెన్ కర్మాగారం మూతపడింది. బ్యారెల్ లోపల తూటాని తిప్పే గాడుల మెలిక పాత తేలిక తూటాలకి సరిపడేది, కొత్త బరువు తూటాలకి కాదు. మ్యాగజైన్‌లో 25 రౌండ్లే. ఇన్ని ఒకేసారి మీద పడితే ఏ ఆకారపు రైఫిల్ అయినా పోతుంది. కొత్త హెచ్‌కే416ని వాళ్లు రెండు పొడవుల్లో తీసుకున్నారు చూడండి, పొట్టి అవసరం మాత్రం పోలేదు.

ఎల్85 సంగతి అందరికీ తెలుసు. 1985లో వచ్చింది. మ్యాగజైన్ క్యాచ్ ఒంటికి తగిలి మ్యాగజైన్ ఊడి పడిపోయేది. దోమల మందు తగిలితే ప్లాస్టిక్ భాగాలు పాడయ్యేవి. 1991 గల్ఫ్ యుద్ధపు ఇసుకలో చాలా చెడ్డపేరు వచ్చింది. తర్వాత హెక్లర్ అండ్ కోచ్ చేతిలో సుమారు 2 లక్షల రైఫిళ్లని ఏ2 అనే మెరుగైన రకంగా మార్చారు. ఆ తర్వాత అది నమ్మదగిన తుపాకి అయింది. బాధ ఏమిటంటే, ఆ చెడ్డపేరు ఒక తయారీ లోపానికి రావాల్సింది, బుల్‌పప్ అనే జాతి మొత్తానికి అంటుకుంది. 2023లో వాళ్ల రేంజర్ రెజిమెంట్, రాయల్ మెరీన్ల కోసం తీసుకున్న ఎల్403 మామూలు ఆకారపు కార్బైన్.

వానచినుకు · పోస్ట్ 8

ఇంతవరకూ రాసినవాళ్లంతా ఆరడుగుల మనుషుల్లా మాట్లాడుతున్నారు. నా ఎత్తు 154 సెంటీమీటర్లు. నేను యూనిఫాంలో ఉన్నదాన్నే.

నాకు మొత్తం పొడవు కంటే బట్ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం ముఖ్యం. అది ఎక్కువైతే చెయ్యి చాచాలి, తల వెనక్కి పోతుంది, కన్ను సైట్‌కి దూరమవుతుంది. మామూలు రైఫిల్‌లో ఆ దూరం తగ్గించుకోవచ్చు. జారే బట్‌ని రెండు నొక్కులు లోపలికి తోస్తే నా కొలతకి వస్తుంది. జాకెట్ వేసుకున్నప్పుడు ఇంకో నొక్కు లోపలికి. బుల్‌పప్‌లో ఆ చోట యంత్రమే ఉంటుంది, ఎక్కడికి తోస్తారు? ఏయూజీ మాదిరి రైఫిల్ ఒకటి పట్టుకున్నప్పుడు జాకెట్ లేకుండానే నాకు చెయ్యి బిగుసుకుపోయింది. జాకెట్ వేసుకున్నాక బట్ భుజం గుంటలో కూర్చోలేదు, భుజం కొనకి జారింది. పది రౌండ్లు కాల్చేసరికి అక్కడ నీలం మచ్చ.

కానీ న్యాయంగా చెప్పాలి. గురిపెట్టి నిలబడి ఎదురుచూడటంలో మాత్రం అదే బాగుంది. మూడు నిమిషాలు తలుపు మీద గురి దించకుండా ఉండమంటే పొడుగు రైఫిల్‌తో నా ఎడమ చెయ్యి వణికేది. బుల్‌పప్‌లో ముందు భాగం తేలిక, వణుకు రాలేదు. ట్రిగ్గర్ మాత్రం మెత్తగా, ఎక్కడ విడుదలవుతుందో తెలియనట్టు ఉంది. ట్రిగ్గర్ ముందు, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) వెనక, మధ్యలో పొడుగాటి కడ్డీ ఉంటే అలానే ఉంటుందని మా ఆయుధాల మేస్త్రీ చెప్పారు.

పాత_జవాను · పోస్ట్ 9

చెల్లెమ్మా, మీరు చెప్పిన జాకెట్ మాటే అసలు కారణమని నాకూ అనిపిస్తుంది. ఏయూజీ, ఫామాస్ పుట్టిన 1970లలో సైనికుడి ఒంటి మీద ఇప్పుడున్నంత మందం కవచపు ప్లేట్లు లేవు. ఇప్పుడు అందరికీ ఉన్నాయి. ఒకే సెక్షన్‌లో రకరకాల ఎత్తులవాళ్లు, చలికాలపు కోట్లు, ప్లేట్లు. జారే బట్ వీటన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పింది.

చెవిలోఈల · పోస్ట్ 10

ఒక్కరు కూడా చప్పుడు గురించి రాయలేదు. అందుకే రాస్తున్నాను.

కొన్నేళ్లు గదుల్లోకి చొరబడే పోరాటానికి శిక్షణ ఇచ్చాను. మా దగ్గరివి బాగా కురచ బ్యారెల్ కార్బైన్లు. బ్యారెల్ తగ్గితే మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది, మిగిలిన మంట, ఒత్తిడి గదిలోకి వస్తుంది. ఏ సైనిక రైఫిల్ చప్పుడైనా 160 డెసిబెల్స్ దగ్గర్లో ఉంటుంది. కురచ బ్యారెల్‌తో అది ఇంకా పెరుగుతుంది, పైగా మజిల్ చెవికి దగ్గరగా జరుగుతుంది. నాలుగు గోడల మధ్య అది చప్పుడులా ఉండదు, ఛాతీ మీద గుద్దినట్టు ఉంటుంది. గోడ మీది సున్నం పొడిగా రాలేది.

మాకు ఇచ్చినవి చవక నురుగు ఇయర్‌ప్లగ్‌లు. కొత్తవి అడిగితే స్టాకు లేదనేవారు. వాడినవే కడిగి మళ్లీ పెట్టుకున్నాం. కుడి భుజం నుంచి కాల్చేవాళ్లకి ఎడమ చెవి మజిల్ వైపు తిరిగి ఉంటుంది. నాది ఎడమ చెవే పోయింది. పూర్తిగా కాదు. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక సన్నగా ఈల వినిపిస్తూనే ఉంటుంది. మా అమ్మాయి చిన్న గొంతుతో ఎడమ వైపు నుంచి పిలిస్తే నాకు వినపడదు. దాన్ని కుడి వైపుకి వచ్చి పిలవమని నేర్పుకున్నాం.

పట్టికలో బ్యారెల్ పొడవు రాసేటప్పుడు ఆ అంకె వెనక ఈ సంగతి కూడా ఉందని గుర్తుపెట్టుకోండి. కురచ బ్యారెల్ ఇచ్చే ప్రతి సైన్యం దానితో పాటు సైలెన్సర్, మంచి చెవి రక్షణ కూడా ఇచ్చి తీరాలి. దీని మీద నాకు రెండో మాట లేదు.

కొలబద్ద · పోస్ట్ 11

చెవిలోఈల గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇది నా పట్టికలో ఎక్కడా లేదు. చేరుస్తాను.

మోడరేటర్ · పోస్ట్ 12

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక్క విన్నపం: ఒక సభ్యుడు బ్యారెల్ మార్చడం గురించి అడిగిన పోస్టు తీసేశాను. ఇక్కడ మాట్లాడేది సైన్యాల ఆయుధాల గురించి మాత్రమే. దయచేసి అటు వెళ్లవద్దు.

లోహవిద్య · పోస్ట్ 13

సైలెన్సర్ మాట వచ్చింది కాబట్టి. చప్పుడు తగ్గించడంలో దానికి సాటి లేదు. అమెరికా మెరీన్లు 2020 నుంచి పదాతిదళానికి విస్తృతంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అయితే మజిల్‌కి ఇంకో పదిహేను సెంటీమీటర్ల దాకా కలుస్తుంది. కోసిన బ్యారెల్ పొడవు అక్కడే తిరిగొచ్చేస్తుంది. ఇక్కడే కొలబద్ద గారి వాదనకి నిజమైన బలం ఉంది: సైలెన్సర్ బిగించాక కూడా చేతికి ఇమిడే పొడవులో ఉండాలంటే బుల్‌పప్ ఆకారం బాగా ఉపయోగపడుతుంది. కానీ సైలెన్సర్ గ్యాస్‌ని వెనక్కి తోస్తుంది. బుల్‌పప్‌లో ఆ గ్యాస్ బయటపడే చోటు కళ్లకి, ముక్కుకి కింద ఉంది. రెండు మ్యాగజైన్లు కాల్చేసరికి కళ్లు మండుతాయి, గొంతులో లోహపు రుచి తగులుతుంది.

ఇంకో సంగతి. సైన్యాలు కురచ బ్యారెల్‌కి రాజీపడి చేతులు కట్టుకుని కూర్చోలేదు, తూటానే మార్చాయి. 2010లో వచ్చిన ఎం855ఏ1ని ఎం4 బ్యారెల్ పొడవుని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. .300 బ్లాకౌట్ అనే తూటాలో మందు సుమారు 23 సెంటీమీటర్ల బ్యారెల్‌లోనే దాదాపు కాలిపోతుంది. ఇక అమెరికా 2022లో ఎంచుకున్న 6.8 మి.మీ. రైఫిల్ ఎక్స్‌ఎం7 దారే వేరు. బ్యారెల్ ఎం4 కంటే కురచ, కానీ తూటా ఒత్తిడి విపరీతం. అంత ఒత్తిడికి ఇత్తడి ఒక్కటే తట్టుకోదని కేస్ అడుగు స్టీలుతో చేశారు. దీనితో కురచ బ్యారెల్ నుంచే దూరం కొట్టొచ్చు. బదులుగా రైఫిల్ బరువెక్కింది, తన్ను పెరిగింది, మ్యాగజైన్‌లో 30 కాదు 20 రౌండ్లే.

అందుకే నేను ఏ పొట్టి రైఫిల్‌ని చూసినా ముందు వెతికేది ఒకటే: పొడవు ఎక్కడ తగ్గించారు, ఆ భారం ఎవరి మీద వేశారు? తూటా మీదా, బోల్ట్ మీదా, మోసేవాడి భుజం మీదా, చెవి మీదా?

చరిత్రపుట · పోస్ట్ 14

దీనికి ఒక ఉదాహరణ కలుపుతాను. 2008లో అఫ్గానిస్తాన్‌లోని వానత్ దగ్గర జరిగిన పోరాటంలో సైనికులు ఆపకుండా కాల్చాల్సి వచ్చి కొన్ని ఎం4లు వేడెక్కి మొరాయించాయి. తర్వాత మందం బ్యారెల్ ఉన్న ఎం4ఏ1ని అందరికీ ఇవ్వడం మొదలైంది. నిజానికి ఎం4ని ఆ తరహా ఎడతెగని కాల్పుల కోసం తయారు చెయ్యలేదు. తేలిక తుపాకిని మెషిన్‌గన్ పనికి వాడాల్సిన గతి పట్టింది.

మెరీన్లు అయితే ఎం4ని వదిలి ఎం27 రైఫిల్‌ని పదాతిదళానికి ఇచ్చారు. దాని బ్యారెల్ 419 మి.మీ., అంటే ఎం4 కంటే 5 సెంటీమీటర్లు ఎక్కువ. అందరూ పొట్టి వైపే వెళ్తున్నారనుకుంటాం కానీ కొందరు కొంచెం వెనక్కి నడిచారు.

అలాగే బుల్‌పప్ చచ్చిపోలేదు. ఆస్ట్రేలియా ఏయూజీ నుంచి పుట్టిన ఈఎఫ్88ని వాడుతోంది. క్రొయేషియా వీహెచ్‌ఎస్-2 కట్టుకుంది. ఇజ్రాయెల్ ఎక్స్95 అయితే 330 మి.మీ. బ్యారెల్‌తో మొత్తం పొడవు 580 మాత్రమే.

వానచినుకు · పోస్ట్ 15

వాహనం డ్రైవర్‌కీ, వైద్య సహాయకుడికీ, రేడియో మోసేవాడికీ 580 మి.మీ. తుపాకి వరం. వాళ్లకి తుపాకి అసలు పని కాదు, పక్కన ఉండాల్సిన వస్తువు. కొండ మీద 400 మీటర్ల దూరంలో కాపలా ఉన్నవాళ్లకి అదే ఇస్తే అన్యాయం.

పాత_జవాను · పోస్ట్ 16

కొలబద్ద గారూ, ఒక చిన్న పని చెయ్యండి. మీ పట్టికలోంచి మూడు పొడవులు తీసుకోండి: 1006, 838, 790. ఆ కొలతలకి మూడు కర్రలు కోసి, ఒక్కోటీ ఛాతీకి అడ్డంగా వేలాడదీసుకుని కారు వెనక సీట్లోంచి పదిసార్లు వేగంగా దిగండి. భుజానికి బరువు సంచీ కూడా తగిలించుకోండి. ఏం తెలిసిందో వచ్చి రాయండి.

కొలబద్ద · పోస్ట్ 17

సార్, ఈ రోజు పొద్దున చేశాను. చీపురు కర్రలు కోసి, చివరలకి గుడ్డ చుట్టి, ఒక్కో దానితో పదిసార్లు దిగాను.

1006 కర్ర పదిలో ఏడుసార్లు తలుపు చట్రానికి తగిలింది. ఒకసారి మీరు చెప్పినట్టే తాడు మెడకి బిగుసుకుంది. ఊపిరి ఆగినంత పనైంది. 838 ఒకసారి తగిలింది. 790 కూడా ఒకసారే. కళ్లు మూసుకుని మా తమ్ముడు ఏ కర్ర ఇచ్చాడో చెప్పమంటే 838కీ 790కీ తేడా నాకు తెలియలేదు. మొదటి పోస్టులో నేను అంత గొప్పగా రాసుకున్న ఆ 48 మిల్లీమీటర్లు కారు తలుపు దగ్గర నాకు కనిపించలేదు. మొదటి 17 సెంటీమీటర్లు తగ్గడంతోనే పని చాలావరకు అయిపోయింది.

బ్యారెల్‌లో 14 సెంటీమీటర్ల తేడా మాత్రం అలాగే ఉంది. అది దూరం కొట్టాల్సినవాళ్లకి ఇప్పటికీ పెద్ద లాభమే అనుకుంటున్నాను. కానీ "వదిలేయడం పొరపాటు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎడమచేయి · పోస్ట్ 18

కుడి తలుపులోంచి దిగారా, ఎడమ తలుపులోంచా?

కొలబద్ద · పోస్ట్ 19

మొత్తం ముప్పై సార్లూ కుడి తలుపే. మీరు అడిగాక వెళ్లి 790 కర్రతో ఎడమ తలుపులోంచి దిగాను. దిగగానే కారు చాటు నుంచి చూడాలంటే కర్ర ఎడమ భుజానికి రావాలి. తెచ్చాను. అది నిజం బుల్‌పప్ అయి ఉంటే కిటికీ నా పెదవుల పక్కన ఉండేది.

పట్టికలో రెండు గడులు కొత్తగా గీశాను. ఒకటి చప్పుడుకి, ఒకటి భుజం మార్చడానికి. ఎఫ్2000 వరుస నింపాను. ఏయూజీ వరుస దగ్గర ఏం రాయాలో మీరు చెప్పండి.